మోకాలి చిప్ప వెనక ఎర్ర మచ్చ

మనుషుల ముఖాలు నాకు చప్పున గుర్తుకు రావు. మోకాళ్లు మాత్రం గుర్తుంటాయి. కలకత్తాలో ఆరేళ్లపాటు ఎమ్మారై యంత్రం దగ్గర పనిచేశాను. మనిషిని పడుకోబెట్టడం, మోకాలికి కాయిల్ అనే గుండ్రటి తొడుగు బిగించడం, కదలొద్దని చెప్పడం, అద్దం వెనక్కి వెళ్లి బొమ్మలు తీయడం, ఆ తర్వాత వారాల తరబడి ఆ బొమ్మల ముందు కళ్లు మండేదాకా కూర్చోవడం. అదీ నా ఉద్యోగం. దారిలో ఎవరైనా ఆపి "దీదీ, గుర్తుపట్టారా" అంటే తెల్లమొహం వేసేదాన్ని. అదే మనిషి మోకాలి బొమ్మ చూపిస్తే ఏ నెలలో వచ్చిందో చెప్పేసేదాన్ని.

అలాంటి మోకాళ్లలో ఒకదాని గురించి ఇన్నేళ్లకి రాస్తున్నాను. ఉండబట్టలేక రాస్తున్నాను గాని, రాస్తే మనసు తేలికపడుతుందన్న ఆశ నాకేం లేదు.

ఎర్రజెండా ప్రభుత్వానికి ముప్పై ఏళ్లు నిండబోతున్న రోజులవి. మా సార్ బెంగాలీ, ఎముకల డాక్టరు. మోకాళ్లు పూర్తిగా పాడయ్యాక కోసి మార్చడం కాదు, పాడవడం మొదలవుతుండగానే పట్టుకోవాలని ఆయన పంతం. మోకాళ్లలో గుజ్జు అరిగిపోయిందని మనవాళ్లు అంటూంటారే, ఆ గుజ్జు ఎక్స్‌రేలో కనపడదు. ఎక్స్‌రేకి ఎముకే తెలుసు. రెండు ఎముకల మధ్య ఎడం తగ్గితే గుజ్జు పోయిందని మనం ఊహించుకోవాలి. ఆ ఊహ అందేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఎమ్మారైలో గుజ్జే కనిపిస్తుంది. పొరలు పొరలుగా బొమ్మలు తీసి, ఒక్కో పొరలో గుజ్జు అంచు వెంట మౌస్‌తో గీత గీసుకుంటూ పోతే, ఎక్కడ ఎంత మందం ఉందో కంప్యూటరు రంగుల్లో చూపిస్తుంది. మందంగా ఉన్నచోట నీలం, పల్చబడిన చోట ఎరుపు. ఆ గీతలు గీసేదాన్ని నేనే. ఒక్క మోకాలికి నాకు రెండు రోజులు పట్టేది.

ఎవరి మోకాళ్లు చూడాలి? రోజంతా వంగి లేచే పనివాళ్లవి ఒక గుంపు, కుర్చీలో కూర్చుని రాసుకునే గుమాస్తాలవి ఒక గుంపు. మొదటి గుంపుకి సార్ వీధులూడ్చే పనివాళ్లను అనుకున్నారు. తాతల కాలంలో ఆంధ్రా నుంచి వచ్చి ఆ పనిలో కుదురుకున్న తెలుగువాళ్లు ఆ ఊళ్లో చాలామంది ఉన్నారు. ఉద్యోగానికి వెళ్లినప్పుడు ఆయన నన్నడిగింది ఒకే ఒక్క ప్రశ్న. "వాళ్ల భాషలో వాళ్లతో మాట్లాడగలవా?"

"మావాళ్లే కదా సార్" అన్నాను.

మాది లిలువా రైల్వే క్వార్టర్స్. నాన్న వర్క్‌షాపులో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చిన కుటుంబం. ఇంటికెళ్లి ఈ సంగతి చెబితే అమ్మ కత్తిపీట మీద వంకాయ ఆపి నాకేసి చూసింది.

"ఆల్లు మనోల్లేటి? ఊడ్సీవోల్లు మనోల్లెలగవుతారు?" అంది.

చదువుకున్న పిల్లని కదా, మొహం ముడుచుకుని లోపలికి వెళ్లిపోయాను. మా క్వార్టర్స్ కాలవలు కడగడానికి ఒక తెలుగావిడ వచ్చేది. గుమ్మం బయటే ఆగేది. ఆవిడకి టీ పోసే గ్లాసు విడిగా మెట్ల కింద గూట్లో ఉండేది. నా చిన్నతనమంతా ఆ గ్లాసు చూస్తూనే పెరిగాను. దాని గురించి ఒక్కసారైనా నోరు విప్పిన పాపాన పోలేదు.

వాళ్ల బస్తీ ఏక్‌బాల్‌పూర్ దాటాక ఉంది. మొదటిసారి వెళ్లినప్పుడు ఆడవాళ్లంతా నా చుట్టూ మూగారు గాని ఒక్కరూ ఒప్పుకోలేదు. కాలు బాగోలేదని తేలితే పనిలోంచి తీసేస్తారని కొందరి భయం. యంత్రం అయస్కాంతం, ఒంటిమీద లోహం ఉండకూడదు, పుస్తెలూ మెట్టెలూ తీసి రావాలి అనేసరికి మిగిలినవాళ్లూ వెనక్కి జరిగారు. ఇక లేచి వచ్చేద్దామనుకుంటుండగా వెనక నుంచి ఒకావిడ వచ్చింది. నలభై అయిదు దాటిన మనిషి, పొడగరి, చీర పైకి దోపుకుని ఉంది. భర్త పోయాక ఆయన పని ఆవిడకి వచ్చిందట. అప్పటి నుంచీ ట్రాము రోడ్డు ఊడుస్తోంది.

"తియ్యడానికి నాకేటున్నాయి?" అంది మెడ తడుముకుని. "నానొస్తాను. నా కాలు సూసుకో. బాగుంటే బాగుందని సెప్పు, పోతే పోనాదని సెప్పు. దాపరికం ఒద్దు."

"ఎవరికీ చెప్పం పిన్నీ. పేరు కూడా రాయం, నంబరే ఉంటుంది. రిపోర్టు ఎవరికీ ఇవ్వం, నీకు కూడా ఇవ్వం."

"ఓలమ్మ, నా కాలు సంగతి నాకే సెప్పరేటి?" అని పకపకా నవ్వింది.

ఆ నవ్వుతో మిగతావాళ్లూ కదిలారు. ఆవిడ వచ్చింది కాబట్టే తక్కిన ఆడవాళ్లు వచ్చారు. సబ్బు రాసి ఒకరి మెట్టెలు ఒకరు లాగుతూ, పుస్తెలు పసుపు గుడ్డలో కట్టి పిన్నికిచ్చి లోపలికి వెళ్లేవాళ్లు. మెడలో ఏమీ లేని మనిషి దగ్గర అందరి పుస్తెలూ ఉండేవి. నన్ను డాక్టరమ్మా అనేవాళ్లు. నేను డాక్టర్ని కాను, ఫిజిక్స్ చదివినదాన్ని. ఒకటి రెండుసార్లు దిద్దాను. తర్వాత మానేశాను. వినడానికి బాగుండేది.

వాళ్ల పని పదకొండింటికి అయ్యేది. చీపుళ్లు గదిలో పడేసి అటు నుంచి అటే వచ్చేవాళ్లు. మామూలు పేషెంట్లు పోగా మధ్యాహ్నం ఓ రెండు గంటలు యంత్రం మాకు దొరికేది. అందాకా బయట కారిడార్లో ఆగాలి. ఆ ఆగడం మాకూ అవసరమే. గుజ్జు నీళ్లు పీల్చుకున్న స్పాంజి ముక్క లాంటిది. బరువు పడితే నీళ్లు వదిలి పల్చబడుతుంది. విశ్రాంతినిస్తే మెల్లగా మళ్లీ పీల్చుకుంటుంది. రోడ్డంతా తిరిగొచ్చిన మనిషిని ఉన్నపళంగా యంత్రంలో పెడితే లెక్క తప్పుతుంది. అందుకని ముందు అరగంటైనా నడవకుండా ఉండాలని నియమం. ఫారంలో దానికొక గడి కూడా ఉండేది. కారిడార్లో ఉండే అటెండరు, మా అందరికీ దాదా, గడియారం చూసి గడిలో టిక్కు పెట్టి మనిషిని లోపలికి పంపేవాడు. యంత్రం గదికి వెనకవైపు మెట్లున్నాయి. నేను వాటి మీదుగానే వచ్చి వాటి మీదుగానే పోయేదాన్ని. టిక్కు ఉందా లేదా, అంతే నేను చూసుకున్నది.

పిన్ని బొమ్మలు తీసిన రోజు బయటికొచ్చి చెవులు రుద్దుకుంటూ అంది: "లోపలెవడో రేకు తలుపు బాదినట్టుంది. ఇంట్లో ఎవులూ నేరని సెప్తే ఇనడేటి?"

రెండు వారాల తర్వాత ఒక్కతే వచ్చింది. కోడలు కింద దాకా దింపి వెళ్లిందట. ఆ కోడలిని నేను బస్తీలో చూశాను. బెంగాలీలో పది పాసైన పిల్ల. పొద్దునా సాయంత్రం వసారాలో చిన్నపిల్లల్ని కూర్చోబెట్టి లెక్కలు చెప్పేది. అంగన్వాడీ పనికి దరఖాస్తు పెడతానని నాతో కాగితం కూడా రాయించుకుంది.

"ఏటి పాపా, నా కాలు ఏటన్నాది?" అంది పిన్ని.

చెప్పకూడదు. అది నియమం, సంతకం పెట్టి ఒప్పుకున్నదాన్ని. అయినా చెప్పాను. ఆవిడ మీద ఇష్టంతో చెప్పానని చాలాకాలం అనుకున్నాను. ఇష్టం ఉంది, నిజమే. దానికంటే ఎక్కువగా, నా చేత్తో గీసిన గీతల్లోంచి వచ్చిన మొట్టమొదటి ఎర్ర మచ్చ అది. ఎవరికైనా చూపించాలని నా చేతులు దురద పెడుతున్నాయి. కంప్యూటరు ఆవిడ వైపు తిప్పాను. చిప్ప వెనక, చింతగింజంత ఎర్ర మచ్చ, చుట్టూ పసుపు.

"ఇదేటిది?"

"అక్కడ గుజ్జు పల్చబడింది పిన్నీ. నొప్పి ఉందా?"

"పనయినాక బిగిసినట్టుంటాది. అదేటి నొప్పి? అందరికీ ఉన్నదే."

"అలాగే మొదలవుతుంది. ఇప్పుడే పట్టుకున్నాం, అదృష్టం. బరువులెత్తకు, మెట్లెక్కకు, కాలు మడిచి కూర్చోకు" అన్నాను, అచ్చం డాక్టరులా.

ఆవిడ చాలాసేపు బొమ్మకేసి చూసింది. మొహంలో నవ్వు పోయింది. "ఇది కాగితం మీద ఒత్తియ్యి పాపా" అంది. ప్రింటు తీసి ఇచ్చాను. ఎవరికీ చూపించొద్దన్నాను. నాలుగు మడతలు పెట్టి జాకెట్లో దోపుకుని వెళ్లింది. ఆ రోజు ఇంటికెళ్లి అమ్మ దగ్గర గొప్పలు చెప్పుకున్నాను, ఒక మనిషి కాలు కాపాడానని.

తర్వాత కొన్ని నెలలు ఊపిరాడని పని. వీధులూడ్చేవాళ్ల గుంపులో చిప్ప వెనక గుజ్జు గుమాస్తాల కంటే పల్చగా ఉందని తేలుతూ వచ్చింది. తేడా గోటి మందంలో నాలుగో వంతు కూడా ఉండదు, కానీ దాదాపు అందరిలోనూ ఉంది. సార్ ఎన్నడూ లేనిది నా బల్ల దగ్గరికి వచ్చి మిఠాయి పెట్టారు. వ్యాసం రాయడం మొదలుపెట్టారు. పిన్ని రావడం మానేసిందని ఆ సందడిలో నేను గమనించలేదు.

చలికాలం ఒక పొద్దున్న బస్సు కిటికీలోంచి చూస్తే ట్రాము పట్టాల పక్కన పిన్ని ఊడ్చే చోట ఆవిడ కోడలు ఊడుస్తోంది. ముక్కుకి కొంగు కట్టుకుంది. గబగబా దిగిపోయాను.

"మీ అత్తకేమైంది?"

"కాలు పోయింది కదండి. మీరే చూశారట కదా" అంది ఆ పిల్ల చీపురు ఆపి.

నిలబడే అంతా చెప్పింది. వాళ్ల పనిలో ఒక పద్ధతి ఉంది. మనిషి పనికి పనికిరాదని ఆఫీసు డాక్టరు రాస్తే, వయసు దాటకముందైతే, ఆ పని ఇంట్లో ఒకరికి వస్తుంది. వయసు దాటాక కాలు పోతే మనిషీ పోతుంది, పనీ పోతుంది. ఇంకో రెండేళ్లలో పిన్నికి ఆ గడువు దాటిపోతుంది. అందుకని నేనిచ్చిన రంగుల కాగితం పట్టుకుని యూనియన్ ఆఫీసుకి వెళ్లింది. అక్కడి వాళ్లు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆయన కాగితం చూశాడు, మోకాలు రెండుసార్లు నొక్కాడు, రాసేశాడు. కొడుకు ఓడరేవు పని వదిలితే మళ్లీ దొరకదు. ఇంక మిగిలింది ఈ పిల్ల.

"మరి నీ దగ్గర లెక్కలు నేర్చుకునే పిల్లలు? అంగన్వాడీ కాగితం?"

"అయ్యన్నీ ఇంకెక్కడండి" అంది. కళ్లు ఎర్రగా ఉన్నాయి. "ఎలగైతేనేం, మీరు ముందుగా చూసి చెప్పారు. లేకపోతే మా అత్త మంచాన పడిపోయేది."

నాకు దండం పెట్టింది. ఆ దండం తీసుకుని మళ్లీ బస్సెక్కాను.

ఆ ఆదివారం బస్తీకి వెళ్లాను. పిన్ని ఇంటి ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. మోకాలికి పట్టీ. నన్ను చూసి లేచి, గోడ పట్టుకుని కుంటుకుంటూ రెండడుగులు వేసింది.

"నువ్వు సూపినకాడి నుంచి నొప్పి తెలస్తంది పాపా. అంతకుముందు ఏటో బిగుసుకున్నాదనుకునీదాన్ని" అంది. "పొద్దున్న నాలుగ్గొట్టగానే మెలుకువొచ్చేస్తాది. లెగిసి ఏటి సేస్తాను? కోడలెల్లిపోతాది. అది ఒంగితే నాను సూడనేను."

కాలు మిగిలింది కదా అన్నాను. నాకు నేను చెప్పుకున్నదీ అదే: నియమం తప్పాను, కాగితం ఇవ్వకూడదు, ఇచ్చాను, కానీ ఒక మోకాలు మిగిలింది. ఆ మాట పట్టుకుని ఓ నెల నిద్రపోయాను.

ఆ నెల చివర ఒక మధ్యాహ్నం యంత్రాన్ని చల్లబరిచే మోటారు ఆగిపోయింది. ఇవాళ బొమ్మలు ఉండవని చెప్పడానికి దాదా కనపడకపోతే నేనే కారిడార్లోకి వెళ్లాను. అదే మొదటిసారి. ఒక పక్క గోడ పొడుగునా కుర్చీలు. సగం ఖాళీ. ఎదుటి గోడ వారగా మా ఆడవాళ్లు ఆరుగురు వరసగా గొంతుక్కూర్చుని ఉన్నారు, చీర ఎగదోపుకుని, మోకాళ్లు గడ్డానికి ఆనించి. అప్పుడే తుడిచిన నేల తడిగా ఉంది, చతికిలబడే వీలు కూడా లేదు.

"ఎంతసేపట్నుంచి ఇలా ఉన్నారు?" అన్నాను.

"పదకొండున్నర కాడ్నించి డాక్టరమ్మా. కదలనేదు, నడవనేదు" అంది ఒకావిడ, ఎక్కడ తప్పు పడతానోనని.

అప్పటికి పన్నెండున్నర. మోకాలు అంతలా మడిచి, ఒంటి బరువంతా దాని మీద వేసి గంటసేపు కూర్చుంటే చిప్ప వెనక గుజ్జు నలిగి నీళ్లన్నీ వదిలేస్తుంది. నడక కంటే అది ఎన్నో రెట్లు బరువు. అలా లేచి సరాసరి వచ్చి నా యంత్రంలో పడుకున్నారు, ఒక్కొక్కరూ, అన్ని నెలలూ. గుమాస్తాలు కుర్చీల్లో కాళ్లు చాపుకుని పేపరు చదువుకుని వచ్చారు. నేను కొలిచింది జబ్బు కాదు. గోడ పక్కన గొంతుక్కూర్చున్న ఆ గంటసేపుని.

దాదా టీ గ్లాసు పట్టుకుని వస్తే మీద పడ్డాను. "వీళ్లు ఎప్పుడూ ఇలాగేనా?"

"మొదటి రోజు నుంచీ ఇంతే దీదీ" అన్నాడు బెంగాలీలో, నా కోపం అర్థం కాక. "ఆ పొడుగావిడ మొదటి రోజు కుర్చీలో కూర్చుంది. పక్క కుర్చీలో ఉన్న పెద్దింటావిడ లేచి వెళ్లి నిలబడింది. ఇంక ఈవిడా లేచి గోడ వారకి వెళ్లి కూర్చుంది. ఆ తర్వాత నేను కూర్చోమన్నా ఎవరూ వినలేదు. నడవకూడదని కదా మీరు రాసింది? ఎవరూ నడవలేదు."

ఆయన తప్పేముంది? ఫారం ఎక్కడో కుర్చీలున్న దేశంలో రాసింది. దానిలో 'గొంతుక్కూర్చోలేదు' అనే గడి వాళ్లకి అవసరం లేదు. నాకు అవసరం. వంగి లేచే మోకాళ్ల గురించి పరిశోధిస్తున్నాం, మాకు ఎదురుగా గోడకి ఆనుకుని ఆ మోకాళ్లే ఉన్నాయి. మా ఇంటి గుమ్మం బయటే ఆగిన మనిషిని పదిహేనేళ్లు చూసిన నాకు, ఈ ఆడవాళ్లు కుర్చీలో కూర్చుంటారా అన్న ప్రశ్నే తట్టలేదు.

మోటారు బాగయ్యాక ఒకావిడని బతిమాలి రెండుసార్లు బొమ్మ తీశాను. గోడ పక్కన నుంచి లేచి వచ్చినప్పుడు ఒకసారి, మంచం మీద గంటన్నర పడుకోబెట్టి ఒకసారి. నాలుగు రోజులు కూర్చుని గీతలు గీశాను. మొదటిదాంట్లో ఎరుపు ఉంది, రెండోదాంట్లో లేదు. మరొకావిడకీ అంతే.

సార్ రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టుకుని మళ్లీ మళ్లీ చూశారు. తర్వాత వ్యాసం కాగితాలు సొరుగులో పెట్టేశారు. "మళ్లీ మొదటి నుంచి చేద్దాం. మంచాలు వేయిద్దాం" అన్నారు. ఆ మనిషి మంచివాడే. కానీ లేచి వెళ్తూ ఒక మాట అన్నారు. "నువ్వు వాళ్లలో మనిషివి. నీకు కూడా తోచలేదా?"

"నేను వాళ్లలో మనిషిని కాను సార్. అందుకే తోచలేదు" అన్నాను. ఆయనకి నా కోపం తన మీద కాదని అర్థమైందో లేదో.

కాగితాలు సొరుగులో పెట్టేయవచ్చు. పిన్నిని ఎక్కడ పెట్టేది? యూనియన్ ఆఫీసుకి వెళ్లాను. ఎవరి పేరూ చెప్పకుండా అడిగాను, పనికిరాదని డాక్టరు రాసేసిన మనిషి కాలు బాగుందని తేలితే పని తిరిగి ఇస్తారా అని. బల్ల దగ్గరాయన నన్ను వింతగా చూశాడు. పుస్తకంలో పేరు మారిపోయాక ఇంక మారదన్నాడు. మళ్లీ బాగయ్యాననేవాళ్లు ఇంతవరకూ ఎవరూ రాలేదట.

ఒక బంద్ మర్నాడు, పేషెంట్లు పల్చగా ఉన్న రోజు, పిన్నిని టాక్సీలో తీసుకొచ్చాను. చెకప్ అని కోడలితో చెప్పాను. మా సిబ్బంది గదిలో మంచం మీద గంటన్నర పడుకోబెట్టి బొమ్మలు తీశాను. తర్వాత చిప్ప వెనక పొరలు మాత్రం అప్పటికప్పుడు గీశాను. ఆవిడ అక్కడే కునుకు తీసింది. సాయంత్రానికి బొమ్మ వచ్చింది. అంతా నీలం. ఆ వయసు వాళ్లలో అంత మంచి మోకాలు నేను ఎక్కువ చూడలేదు.

లేపి చెప్పాను. గుజ్జు నలగడం, కారిడారు, గోడ, ఎరుపు, అన్నీ. తప్పు నాదని చెప్పాను. మొదటి రోజు పక్క కుర్చీలో ఆవిడ లేచి వెళ్లిందట కదా, నాతో ఎందుకు చెప్పలేదని అడిగాను.

"అయ్యన్నీ సెప్పుకుంటామేటి?" అంది విసుగ్గా. "అలాటియ్యి ఎన్నని సెప్తాను?" తర్వాత బొమ్మకేసి చూసి, "అయితే నా కాలికేటీ నేదు" అంది.

"ఏమీ లేదు పిన్నీ."

పట్టీ విప్పేసింది. కాలు చాపి మడిచింది. లేచి నిలబడి, మంచం పట్టుకోకుండా నేలమీద గొంతుక్కూర్చుని లేచింది. గది ఈ కొస నుంచి ఆ కొస దాకా గబగబా నడిచింది. కుంటు లేదు. చేతులు రెండూ ఊపుకుంటూ ట్రాము రోడ్డు మీద నడిచే నడక. ఆ కాసేపు ఆవిడ మొహం చూసి నా ప్రాణం లేచొచ్చింది.

"మరైతే నా పని నాకిచ్చేస్తారా?" అంది.

యూనియన్ ఆఫీసు సంగతి చెప్పాను. నడక ఆపి మంచం మీద కూర్చుంది. వేళ్లతో మోకాలి చిప్పని అటూ ఇటూ కదుపుతూ ఉండిపోయింది.

"నీ కోడలికి నేనే చెప్తాను. కాళ్లు పట్టుకుంటాను. నీ తప్పేమీ లేదని చెప్తాను" అన్నాను. అప్పటికే ఏడుస్తున్నాను.

"సెప్పకు."

"చెప్పకపోతే ఎలా పిన్నీ? ఎన్నాళ్లని..."

"ఇనవే. ఆ గుంట పొద్దున్న లెగిసి మొగుడు సూడకుండా ఏడిసి ఎల్తాది. నాకు తెలుసు, నాను పడుకునే సూస్తాను. పిల్లల పలకలు అటక మీదెట్టేసింది. అయినా ఎల్తాది. ఎందుకెల్తాది? అత్త కాలు మిగల్డానికి ఎల్తాది. కాలికేటీ నేదంటే రేపట్నుంచి దేనికోసమెల్తాది? ఎల్లక తప్పదు కదా. పని దాని పేరు మీద పడిపోనాది. ఊరికినే ఎల్లమంటావేటి దాన్ని?"

ఆవిడ పట్టీ అందుకుని మళ్లీ మోకాలికి చుట్టుకోవడం మొదలుపెట్టింది. చుట్టడం వంకరగా వస్తుంటే నేనే చుట్టాను. ఆ పని నాకు బాగా వచ్చు.

మెట్ల మీద మామూలుగానే దిగింది. టాక్సీలో కిటికీలోంచి చూస్తూ, ఏ సందులో చెత్త తియ్యలేదో చెప్పుకుంటూ వచ్చింది. బస్తీ మొదట్లో టాక్సీ దిగాక నా భుజం మీద చెయ్యి వేసింది. వేసి, ఎడమ కాలు ఈడుస్తూ నడవడం మొదలుపెట్టింది. మేమిద్దరం అలా మెల్లగా సందులోకి వచ్చేసరికి కోడలు కుళాయి దగ్గర బకెట్ వదిలేసి పరుగెత్తుకొచ్చి రెండో వైపు పట్టుకుంది. ఊడ్చిన చేతులు, అరచేతుల్లో కొత్తగా లేచిన పొక్కులు.

"ఏమన్నారండి? ఎక్కువైందా?" అని నన్నడిగింది.

పిన్ని నాకేసి చూడలేదు. నేలకేసి చూస్తోంది.

"లేదు. ఎక్కడిదక్కడే ఆగింది. ముదరలేదు" అన్నాను.

ఆ పిల్ల మొహం విప్పారింది. ఎన్నో నెలల తర్వాత నాకు కనపడిన నవ్వు అది. "చాలండి. అయితే నేను ఎల్తన్నది ఊరికే పోలేదు" అంది.

పిన్ని చెయ్యి నా భుజం మీద ఇంకాస్త గట్టిగా బిగుసుకుంది. మేం ముగ్గురం వాళ్ల గుమ్మం దాకా ఆవిడ కాలికి తగ్గట్టు నెమ్మదిగా నడిచాం.